మన చిన్నబండి: నౌపడ – గుణుపురము రైలుమార్గ చరిత్ర

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)

  

 పుస్తకములను గూర్చియు, పఠనాభిరుచిని గూర్చియు నాకంటె చక్కగా చెప్పగల పెద్దలు ఈ వేదికపై కలరు. కావున నేను ఒక రైలుబండిని గూర్చి ముచ్చటింప దలచితిని. గ్రంథాలయ సభలో రైలుబండి ప్రసక్తి యేమని మీరు నవ్వవచ్చును. కారణము మనవి చేసెదను.

ఇరువదియైదు సంవత్సరముల క్రిందట మన గ్రంథాలయమునకు తొలి పుస్తకములు టెక్కలి నుండి రెండు గోనెసంచులలో వచ్చినవి. ఆ సంచులను తెచ్చినది మన చిన్నబండి. టెంబూరు స్టేషనులో వానిని దింపించుకొని, సైకిళ్ళకు కట్టుకొని, ఊరికి నడిపించుకొని వచ్చినవారిలో నేనును ఒకడను. అప్పటికి ఆ బండి పుట్టి నూరేండ్లు. మరి నాలుగేండ్లకు అది ఆగిపోయినది. ఆ బండి యెట్లు పుట్టినది, యెట్లు నష్టపడినది, యెట్లు నిలిచినది, తుదకు యెట్లు మారినది అను విషయమును మన పిల్లలు ఎరుగరు. పెద్దలు మరచుచున్నారు. మన గ్రంథాలయమునకు పనికివచ్చు మాట ఒకటి అందులో కలదని నా నమ్మకము.

పందొమ్మిదవ శతాబ్దము ముగియునాటికి మన ప్రాంతము మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాకు చెందియుండెను. 1893 – 1896 సంవత్సరముల నడుమ బెజవాడ నుండి కటకము వరకు సముద్రతీరమును అనుసరించి పెద్ద రైలుమార్గము ఏర్పడినది. నౌపడ ఆ మార్గముపై నున్నది. అచ్చటి ఉప్పుమళ్ళు మీకు తెలిసినవే. పర్లాకిమిడి పట్టణము మాత్రము సముద్రమునకు దూరముగా, మహేంద్రతనయా నదీ ప్రాంతమున, కొండల సమీపమున నిలిచిపోయినది. ధాన్యము దిగవలెనన్నను, ఉప్పు ఎక్కవలెనన్నను ఎడ్లబండియే దిక్కు. వర్షకాలమున బాటలు బురదయైనచో ఆ దిక్కును లేదు.

అప్పటి పర్లాకిమిడి ప్రభువు గౌరచంద్ర గజపతి నారాయణదేవు తన పట్టణమును పెద్దమార్గముతో కలుపదలచెను. 1898లో ప్రభుత్వానుమతి లభించెను. 1900 ఏప్రిల్ 1వ తేదీన నౌపడ నుండి పర్లాకిమిడికి బండి నడచెను. మార్గము పొడవు 25 మైళ్ళు, అనగా నేటి లెక్కలో 40 కిలోమీటర్లు. అయిన వ్యయము సుమారు 7 లక్షల రూపాయలు. ఆ కాలమున అది సామాన్యమైన మొత్తము కాదు. దానిని సంస్థానము భరించినదని చెప్పుకొందుము. సంస్థానపు ధనమనగా రైతు చెల్లించిన శిస్తు. కావున ప్రభువు దూరదృష్టిని కొనియాడునప్పుడు, ఎండలో దున్నిన మన తాతలను గూడ ఒకసారి తలచుకొనుట న్యాయము.

ఇక్కడ గేజి యను మాటను గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. రెండు పట్టాల నడుమనుండు దూరమునకు గేజి యని పేరు. పెద్దమార్గపు గేజి 5 అడుగుల 6 అంగుళములు. మన మార్గమునకు నిర్ణయించినది 2 అడుగుల 6 అంగుళములు మాత్రమే. ఇరుకు గేజి వలన లాభములు కలవు. పట్టాలు తేలికగా నుండవచ్చును. కట్ట వెడల్పు తగ్గును. వంతెనలకు ఖర్చు తగ్గును. కొండ అడ్డమైనచో దానిని త్రవ్వక చుట్టు తిరిగి పోవచ్చును. తక్కువ సొమ్ముతో పని కావలెనన్నచో అదియే మార్గము. ఆనాడు అట్లు చేయనిచో మనకు రైలే వచ్చియుండదేమో!

అయితే చౌకగా కొన్నదానికి వెల తరువాత చెల్లింపవలసి వచ్చినది. నౌపడలో చిన్నబండి ఆగును. దాని వ్యాగను పెద్ద పట్టాలపై కెక్కలేదు. ప్రతి బస్తాను దింపి, మోసి, పెద్దబండిలో తిరిగి ఎక్కింపవలెను. కూలి ఖర్చు, కాలహరణము, చిరిగిన బస్తాలు, తడిసిన ధాన్యము. ఈ నాలుగును ఆ మార్గమునకు పుట్టుకతో వచ్చిన జాడ్యములు. పర్లాకిమిడి వర్తకుడు ఎట్లు ఆలోచించును? సరకును ఇంటివద్ద ఎడ్లబండి కెక్కించి, స్టేషనులో దింపి, రైలు కెక్కించి, నౌపడలో మరల దింపి, మరల ఎక్కించుటకంటె, ఇంటివద్ద ఎక్కించిన బండినే నౌపడకు తోలుకొనిపోయినచో సరిపోవును గదా! ఇరువదియైదు మైళ్ళ దూరమునకు అతని లెక్క తప్పని ఎవరనగలరు?

కావున తొలి సంవత్సరములలో రైలు నష్టములనే చూచినది. 1910 వరకు ఈ స్థితియే. తరువాత స్వల్పముగా లాభము కనబడసాగినది. దీనిని తలపెట్టిన గౌరచంద్ర గజపతి ఆ లాభమును కన్నులార చూడకయే కాలధర్మము నొందెను. చెట్టు నాటినవాడు పండు తినవలెనన్న నియమము లేదు. అయినను ఆ పది సంవత్సరములలో ఏ యొక్క ఏటి జమాఖర్చు చూచినను, ఏ బుద్ధిమంతుడైన గుమాస్తాయైనను "ఈ బండిని ఆపివేయుడు" అనియే సలహా చెప్పియుండును. ఆ సలహా లెక్కకు సరియైనదే. కాని ఆ లెక్క ఒక ఏటిది. రైలుమార్గమునకు ఒక ఏడు చాలదు. బండి వచ్చునను నమ్మకముతో వర్తకుడు కొట్టు కట్టవలెను. రైతు పంట మార్చవలెను. బాలుడు చదువునకు పట్టణము పోవలెను. ఇవి యన్నియు జరుగుటకు ఒక తరము పట్టును.

1924 – 25 తరువాత లాభములు చెప్పుకొనదగినంతగా పెరిగినవి. అప్పుడు సంస్థానమును ఏలుచున్నవాడు గౌరచంద్రుని కుమారుడు కృష్ణచంద్ర గజపతి. వచ్చిన లాభముతో తృప్తిపడి కూర్చుండక, మార్గమును కాశీనగరము మీదుగా వంశధారా లోయలోనికి పొడిగించిరి. ఈ పని 1929, 1931 సంవత్సరములలో రెండు విడతలుగా జరిగెను. పొడిగింపు తుది స్టేషను గుణుపురము. అది పర్లాకిమిడి సంస్థానములోనిది కాదు, జయపురము సంస్థానములోనిది. అనగా తన ఎల్లలు దాటియు మార్గము పోయినది. మొత్తము పొడవు సుమారు 90 కిలోమీటర్లైనది.

ఈ పొడిగింపులోని కిటుకును మీరు గమనింపవలెను. నౌపడలో దింపి ఎక్కించు ఖర్చు మార్గము చిన్నదైనను అంతే, పెద్దదైనను అంతే. ఇరువదియైదు మైళ్ళకు అది భారము. ఏబదియైదు మైళ్ళకు అదే ఖర్చు తేలిక. పైగా గుణుపురము నుండి నౌపడకు ఎడ్లబండి తోలుటకు ఎవడు సాహసించును? వంశధార ప్రక్కన పండిన వరి, కొండలనుండి దిగిన చింతపండు, కలప ఈ బండిని వెదకికొని వచ్చినవి. తిరుగు ప్రయాణమున నౌపడ ఉప్పు కొండప్రాంతములకు ఎక్కినది. నష్టపడు మార్గమును కుదించుటయే ఉపాయమని మనము సాధారణముగా అనుకొందుము. ఈ మార్గము పొడిగింపబడిన పిదప బలపడినది.

తరువాత మరియొక చిత్రము జరిగెను. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు పర్లాకిమిడి, గుణుపురము అటు చేరినవి. నౌపడ, టెక్కలి, పాతపట్నము ఇటు నిలిచినవి. కాగితముపై గీచిన గీత బండి నడుమ నుండి పోయినది. బండి మాత్రము ఆ గీతను ఏనాడును లెక్కచేయలేదు. ఇటువారు చదువునకును సంతకును అటు పోయిరి. అటువారు పెద్దబండి నందుకొనుటకు ఇటు వచ్చిరి. ఒక్క పెట్టెలో తెలుగు, ఒడియా, సవర భాషలు మూడును వినబడుచుండెడివి.

పర్లాకిమిడి యన్నంతనే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు స్మరణకు వచ్చుచున్నారు. వారు 1880 నుండి అచ్చట ఉపాధ్యాయులు. సవరల భాష నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును వ్రాసిన మహనీయులు. ఒరిస్సా రాష్ట్ర మేర్పడిన 1936లో పర్లాకిమిడి విడిచి రాజమహేంద్రవరము చేరిరి. చదువుకొను భాష ఒకటి, మాటలాడు భాష వేరొకటి అయినచో విద్య సామాన్యునకు అందదని వారి వాదము. నేను ఆలోచించిన కొలది నౌపడ స్టేషనే నాకు కనబడుచున్నది. పుస్తకపు భాష ఒక గేజి. ఇంటి భాష ఒక గేజి. ప్రతి భావమును నడుమ దింపి, మోసి, మరల ఎక్కించుకొనవలెను. ఈ కష్టమును తొలగింపవలెననియే వారు జీవితమంతయు శ్రమించిరి. ఈ మాటను సయితము నేను గ్రాంథికములో చెప్పుచుంటిని. పంతులుగారు వినియుండినచో కఱ్ఱ పుచ్చుకొని వెంటబడియుందురు! నా గురువులు నేర్పిన అలవాటు. ఈ వయసున విడువలేకున్నాను, మన్నింపుడు.

కాలక్రమమున ఈ మార్గ నిర్వహణము బెంగాలు – నాగపురము రైల్వే చేతికి వచ్చినది. ఆ రైల్వేను ప్రభుత్వము 1944లో స్వీకరించెను. 1955 నుండి ఆగ్నేయ రైల్వేలోను, 2003 నుండి తూర్పుకోస్తా రైల్వేలోను మన బండి భాగమైనది. బోర్డుపై పేర్లు మారినవి గాని బండి మారలేదు.

నేను పర్లాకిమిడి కళాశాలలో చదివిన కాలమున ఈ బండికి నెలపాసు పుచ్చుకొనెడివాడను. తెల్లవారుజామున మా అమ్మ చద్దన్నము మూటకట్టి యిచ్చును. టెంబూరు స్టేషనుకు రెండు మైళ్ళు నడక. కిటికీ ప్రక్క కూర్చున్నచో బొగ్గునుసి కంటిలో పడును. లోపల కూర్చున్నచో కూరగాయల గంపలు మోకాళ్ళకు తగులును. ఆ గంపలవాండ్రు సంతకు పోవు ఆడువారు. వారిలో ఒక ముసలమ్మ, "నాయనా, ఈ కాగితములో ఏమి వ్రాసినారు?" అని మా చేతి పుస్తకములను చూపి అడుగుచుండెడిది. మేము చదివి వినిపించెడివారము. ఆమె ఊరు దిగులోపల కథ పూర్తి కానిచో మరునాడు అదే పెట్టెలో వచ్చి కూర్చుండెడిది. నేనెరిగిన మొదటి గ్రంథాలయము ఆ పెట్టెయే. పుస్తకములు మా చేతిలో నుండెను. వినువారు వారంతట వారు వచ్చి ఎక్కిరి.

కాని అప్పటికే బండికి కష్టకాలము ప్రారంభమైనది. తారురోడ్లు పడినవి. బస్సులు వచ్చినవి. లారీ పొలము గట్టున ధాన్య మెక్కించుకొని, నడుమ ఎక్కడను దింపకుండ, మిల్లు వాకిట దింపును. నౌపడ జాడ్యము మరల తిరుగబెట్టినది. ఈసారి మార్గమును పొడిగించుటవలన తీరునట్టిది కాదు, ఏలయన లారీ ఎంత దూరమైనను పోగలదు. సరకు తగ్గినది. మిగిలినవారు ప్రయాణికులు, వారిలోను బస్సు ఛార్జి ఇచ్చుకొనలేనివారే ఎక్కువ. అట్టివారి వలన పుణ్యము వచ్చును గాని ఆదాయము రాదు. 1990వ దశకమున ఆవిరి ఇంజనులు పోయి డీజిలు ఇంజనులు వచ్చినవి. పొగ తగ్గినది, వేగము మాత్రము చెప్పుకొనదగినంత పెరుగలేదు. తేలిక పట్టాలపై ఎంతటి ఇంజనైనను పరుగెత్తలేదు గదా! దేశములో ఇట్టి చిన్నమార్గములు అనేకము ఆ రోజులలో మూతబడినవి. మనదియు మూతబడునని అందరును అనుకొనిరి.

2002 సెప్టెంబరు 27వ తేదీన నౌపడలో గేజి మార్పిడికి శంకుస్థాపన జరిగెను. 2004 జూనులో చిన్నబండి చివరిసారిగా నడచెను. ఆనాడు నేను టెంబూరు స్టేషనులో నిలిచియుంటిని. నాతోపాటు ఊరిలో సగముమంది వచ్చిరి. కొందరు ఇంజనుకు పూలదండలు వేసిరి. నాకు కన్నీరు ఆగలేదు. "ఈ ఇరుకు పట్టాలను ఇట్లే ఉంచినచో ఏమి?" అని నా ప్రక్కనున్న గ్యాంగుమనుషుని అడిగితిని. జీవితమంతయు ఆ పట్టాలకు సుత్తిదెబ్బలు వేసిన మనిషి అతడు. "బాబూ, మీరు ఏడ్చుచున్నది పట్టాల కొరకా, బండి కొరకా?" అనెను. నేను జవాబు చెప్పలేకపోతిని.

తరువాత ఆరేండ్లు బండి లేదు. గంపలవాండ్రు బస్సుపైకప్పుకు గంప కెంత, మనిషి కెంత అని బేరమాడిరి. కొందరు సంత మానుకొనిరి. కాలేజి చదువు నడుమ విడిచిన పిల్లలను నేనెరుగుదును. ఒక చిన్న వస్తువు ఎంత పని చేయుచున్నదో అది ఆగిన తరువాతనే తెలియును. 2010లో పర్లాకిమిడి వరకును, 2011లో గుణుపురము వరకును పెద్దగేజిపై బండి తిరిగి నడచినది. నేడు గుణుపురములో ఎక్కినవాడు నౌపడలో దిగకుండ విశాఖపట్నము పోవచ్చును, పూరీ పోవచ్చును. పట్టాల పైన విద్యుత్తు తీగ పరచినారు. నడచు బండ్లు ఇంకను వ్రేళ్ళపై లెక్కింపదగినన్నియే. మార్గపు కష్టములు తీరినవని చెప్పజాలను. అయినను 2024 ఆగస్టులో గుణుపురము నుండి తెరుబలి వరకు సుమారు 74 కిలోమీటర్ల కొత్తమార్గమునకు కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపినది. తెరుబలి విజయనగరము – రాయపురము మార్గముపై నున్నది. అది పూర్తియైననాడు, నూరేండ్లకు పైగా తుది స్టేషనుతో ముగియుచున్న మన మార్గము రెండు పెద్దమార్గములను కలుపు వంతెన యగును.

ఇక మన ఇంటి మాటకు వచ్చెదను. ఈ మధ్య మన కార్యవర్గములో ఒక చర్చ జరిగిన సంగతి మీలో పలువురకు తెలియును. పుస్తకములు ఇంటికి తీసికొనిపోవువారు తగ్గిరి. చందాలు సరిగా వసూలగుట లేదు. సాయంకాలపు పఠనవేళను ఎత్తివేసి, వారమునకు రెండు దినములు తెరచినచో చాలునని కొందరు మిత్రులు సూచించిరి. వారు గ్రంథాలయమునకు శత్రువులు కారు. జమాఖర్చులు చూచువారు అట్లు చెప్పుటయే వారి ధర్మము. 1910కి ముందు చిన్నబండి లెక్కలు చూచినవాడును ఆ మాటయే చెప్పియుండును.

నా విన్నపము రెండు మాటలు. మొదటిది: కుదించుటకు ముందు పొడిగించి చూడుడు. మన పుస్తకములు బీరువాలో నున్నను వాని ఖర్చు ఖర్చే. పోయి వచ్చినను అంతే. ప్రక్కనున్న రెండు పేటలకును, కొండ క్రింది గూడెమునకును ఇంతవరకు మన పుస్తకము ఒక్కటియు పోలేదు. వారు రాలేదని మనము అనుచున్నాము. మనము పోలేదని వారు అనవచ్చును.

రెండవది కొంచెము కష్టమైన మాట. ఇందులో నా తప్పును కలదు. మన యువకులు చదువుట లేదని నేను పదిచోట్ల చెప్పితిని. వారు ఫోనులో చదువుచునేయున్నారు; ఉద్యోగ పరీక్షలకు రాత్రింబవళ్ళు చదువుచున్నారు. వారి గేజి వేరు, మనది వేరు. వారికి కావలసిన పరీక్షా పుస్తకములు మన బీరువాలో లేవు. ఫోనుకు విద్యుత్తు పెట్టుకొనుటకు మన గదిలో చోటు లేదు. ఉన్నవి నా వంటివారికి ప్రియమైన పాత సంపుటములు. వానిని పారవేయుమని నేననను. ఆ ప్రక్కన వారి పట్టాలను గూడ వేయుమనుచున్నాను. ఇరువది యేండ్ల క్రిందట గ్యాంగుమనిషి అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇప్పుడు దొరకినది. నేను ఏడ్వవలసినది బండి కొరకే. పట్టాల కొరకు కాదు. గేజి మారవచ్చును. మార్గము మాత్రము మూతబడరాదు.

చెప్పి కూర్చుండుట సులభము. కావున నా వంతు పని ఈ సభాముఖమున ఒప్పుకొనుచున్నాను. తొలి పుస్తకములు తెచ్చిన సైకిలు ఇంకను నా యింట నున్నది. వారమునకు రెండు సాయంకాలములు, కాళ్ళలో ఓపిక యున్నంతవరకు, ఒక సంచి పుస్తకములు గూడెమునకు తీసికొనిపోయి, వినువారికి చదివి వినిపించి, అడిగినవారికి ఇచ్చి వచ్చెదను. నాకు తోడుగా ఇద్దరు యువకులు కావలెను. సభ ముగిసిన పిదప తలుపు వద్ద నిలిచియుందును. పేర్లు ఇచ్చువారు ఇవ్వవచ్చును.